మురుగు కాలువకు వోటు లేదు

గోదావరి డెల్టాకు ప్రాణం పంట కాలువ అని చెప్పని వాచకం లేదు. అది సగం సత్యం మాత్రమే. పొలానికి నీరు తెచ్చేది పంట కాలువ. పైరు త్రాగగా మిగిలిన నీటిని, విడవకుండా కురిసిన వాననీటిని సముద్రానికి చేర్చేది మురుగు కాలువ. మొదటిది లేకపోతే పైరు ఎండుతుంది. రెండవది లేకపోతే కుళ్లుతుంది. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోనల వైపు తీరాన్ని ఆనుకొన్న శివారు భూములు సముద్రమట్టానికి ఏ కొద్ది ఎత్తులోనో ఉన్నవి. అక్కడ మురుగు కాలువ అడుగున మూరెడు పూడిక చేరినా, గుర్రపుడెక్క అల్లుకొన్నా, మొగ దగ్గర ఇసుక మేట వేసినా చాలు, నాట్లు వేసిన వారంలో కురిసిన వాన రోజుల తరబడి చేలలోనే నిలిచిపోతుంది. ఈ సంగతి తెలియడానికి ఇంజనీరింగు చదవనక్కరలేదు. గట్టు మీద గేదెలు కాసే పిల్లవాడికి కూడా తెలుసు. ఇంతమందికి తెలిసిన పని ఏటేటా ఎందుకు వెనుకబడుతున్నదో విచారించవలసి ఉన్నది.

2011లో కోనసీమ రైతులు సార్వా పంట వేయబోమని ప్రకటించినారు. పత్రికలు దానికి పంట విరామం అని పేరు పెట్టినవి. అన్నానికి పుట్టినిల్లు అనిపించుకొన్న గడ్డ మీద రైతు తనంతట తాను నాగలి దించడం దేశమంతటికీ వింతగా తోచినది. గిట్టుబాటు ధర లేదన్నారు, కూలి రేట్లు పెరిగినవన్నారు. వాటితో పాటు మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుతున్నవని గట్టిగా చెప్పినారు. ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించినది. పదకొండేళ్లు గడచినవి. ఆ నడుమ రాష్ట్రం రెండైనది. మూడు పార్టీలు అధికారం చవిచూచినవి. 2022 ఏప్రిల్‌లో తూర్పు గోదావరి జిల్లా చీలి కోనసీమ తానే ఒక జిల్లా అయినది. ఆ 2022లోనే కోనసీమలో కొన్నిచోట్ల మళ్లీ అదే పంట విరామం మాట, మళ్లీ అదే మురుగు కాలువ ఫిర్యాదు.

ఈ పదకొండేళ్లలో ప్రభుత్వం ఈ ప్రాంతంలో సొమ్ము ఖర్చు పెట్టలేదా? పెట్టినది, ధారాళంగా పెట్టినది. అయితే ఆ సొమ్ము వెళ్లిన దారిని గమనిస్తే ఒక స్వభావం కనిపిస్తుంది. ఇచ్చినవారి పేరు ఎక్కడ వ్రాయవచ్చునో, ఇచ్చినవారి బొమ్మ ఎక్కడ అతికించవచ్చునో అక్కడికి అది త్వరగా వెళ్లినది. కొత్త కట్టడానికి ప్రారంభోత్సవం ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. పూడిక తీసిన కాలువకు శిలాఫలకం ఎక్కడ వేస్తారు? నీళ్లు వదలిన మరునాడు ఆ పని జరిగినదో లేదో పైకి కనిపించదు. జరగకపోతే మాత్రం నవంబరు వానలలో కనిపిస్తుంది; అప్పటికి నింద వాన మీదికి పోతుంది.

2019 అక్టోబరు 2వ తేదీన గాంధీ జయంతి నాడు తూర్పు గోదావరి జిల్లా కరపలో గ్రామ సచివాలయ వ్యవస్థ ఆరంభమైనది. రాష్ట్రమంతటా పదిహేను వేలకు పైగా సచివాలయాలు, లక్షకు పైగా ఉద్యోగులు. కుల ధ్రువపత్రం కోసం, పింఛను కోసం మండల కేంద్రానికి పదిమార్లు తిరిగే ముసలివారికి ఊరిలోనే కార్యాలయం వచ్చినది. ఇది మెచ్చుకోవలసిన పనే. కాని ఆ కార్యాలయాలకు, పాత పంచాయతీ భవనాలకు కూడా, అధికార పక్షపు జెండా రంగులు పూసినారు. వ్యవహారం న్యాయస్థానాలకు ఎక్కినది. 2020 మార్చిలో హైకోర్టు ఆ రంగులు తొలగించమన్నది. జూన్‌లో సుప్రీం కోర్టు ప్రభుత్వపు అప్పీలును తోసిపుచ్చినది. ఒకసారి రంగు పూయడానికి, మళ్లీ దానిని చెరపడానికి, రెండుసార్లూ ఖర్చు ప్రజలదే. డబ్బు కంటె మించిన నష్టం మరొకటి జరిగినది. పంచాయతీ భవనం ఊరి సొత్తు అన్న భావం చెడి, ఒక పక్షం వారి విడిది అన్న అపోహ కలిగినది. ఎదుటి పక్షానికి వోటు వేసిన మనిషి ఆ గడప ఎక్కడానికి జంకితే అక్కడ అందవలసిన సేవ అతనికి అందనట్లే.

ఇది ఒక్క పక్షపు దోషమని అనుకొంటే పొరబాటు. 2014 నుండి 2019 వరకు జన్మభూమి కమిటీలు ఉండేవి. ఎవరికి పింఛను, ఎవరికి ఇల్లు అని ఎంపిక చేయడంలో ఎన్నికైన సర్పంచి కంటె ఆ కమిటీ సభ్యుని మాట ఎక్కువగా చెల్లుతున్నదని అప్పటి ప్రతిపక్షం మొరపెట్టినది. ఆ ప్రతిపక్షమే అధికారానికి వచ్చి ఏభై ఇళ్లకు ఒక వాలంటీరును నియమించినది. అప్పుడు మొరపెట్టడం రెండవవారి వంతు అయినది. రాజమహేంద్రవరం, కాకినాడ వంటి పట్టణాలలో అయిదు రూపాయలకు అన్నం పెట్టిన అన్న క్యాంటీన్లు 2018లో తెరచుకొన్నవి, 2019లో మూతబడినవి, 2024లో మళ్లీ తెరచుకొన్నవి. నడుమనున్న అయిదేళ్లలో రిక్షా కార్మికుని ఆకలికి ఏ పార్టీ రంగు ఉన్నదో ఎవరూ చెప్పలేదు.

బడిలో మధ్యాహ్న భోజనం కథ ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు. జగనన్న గోరుముద్ద అని ఒక పేరు పెట్టినారు. 2024లో దానిని డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అని మార్చినారు. రెండవ పేరు మెరుగైనదే. లంకల గన్నవరంలో పొయ్యి ఆర్పకుండా వచ్చినవారికి వచ్చినట్లు వండిపెట్టిన ఆ ఇల్లాలు 1909లో కన్నుమూసినది. వచ్చినవారి కులం అడగని మనిషి పేరు ప్రభుత్వ పథకానికి ఉండడం సబబు. కాని పేరు మారిన నాడు గరిటెలు, గిన్నెలు, వంట మనిషికి ఇచ్చే స్వల్ప గౌరవ వేతనం ఏ మేరకు మారినవో ఆ వంట మనుషులనే అడిగి తెలుసుకోవలసి ఉన్నది.

సీతమ్మ పేరు వచ్చినది గనుక ఆమె ప్రాంతాన్నే మరికొంత సేపు చూడవచ్చును. పి. గన్నవరంలో వైనతేయ పాయ మీద కాటన్ దొర కాలపు అక్విడెక్టు ఉన్నది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసినది. దాని వెనువెంటనే నగరం లంకకు నీరు అందించడానికి నది మీదుగా కాలువను నడిపించిన కట్టడం ఇది. దాని సరసన ఇటీవలి కాలంలో కట్టిన కొత్త అక్విడెక్టుకు సీతమ్మ పేరే పెట్టినారు. ఇక 2021 ఆగస్టు 16వ తేదీన ఈ పి. గన్నవరం జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలోనే నాడు-నేడు పథకపు రెండవ దశ ఆరంభమైనది. మొదటి దశలో పదిహేను వేలకు పైగా బడులను బాగు చేసినారు. నీళ్లు వచ్చే మరుగుదొడ్లు, విరగని బల్లలు, కారని పైకప్పు వచ్చినవి. ఆడపిల్లలు ఉదయం మొదలు సాయంకాలం దాకా మంచినీళ్లు తాగకుండా బిగబట్టుకొని కూర్చొన్న బడులు ఎరిగిన ఉపాధ్యాయులు ఈ పనిని తక్కువ చేసి మాట్లాడరు. వోటు కోసమే చేసినా మంచి పని మంచి పనే.

విశేషమేమంటే ఆ పథకం పోషణను కూడా ఆలోచించినది. అమ్మ ఒడి కింద తల్లులకు ఇచ్చే పదిహేను వేలలో 2021లో వేయి రూపాయలు మరుగుదొడ్ల నిర్వహణ నిధికి మినహాయించినారు. 2022లో మరొక వేయి పాఠశాల నిర్వహణకు మినహాయించినారు. పోషణకు విడిగా ఒక నిధి ఉండవలెనని ప్రభుత్వం ఒప్పుకొనడం అరుదైన విషయం. అయితే ఆ నిధిని ఎక్కడ నుండి తీసినారో కూడా చూడవలెను. కొత్త కట్టడానికి ఖజానా. దానిని కడిగి తుడవడానికి తల్లి కొంగున ఉన్న వేయి రూపాయలు. తల్లికి ఇచ్చే సొమ్ము పథకం మారితే, పేరు మారితే, పాకీపని చేసే మనిషి జీతం కూడా దానితో పాటు ఊగుతుంది. పోషణ వ్యయం బడ్జెటులో సొంత కాళ్ల మీద నిలబడనంత కాలం ఏ మంచి కట్టడానికైనా ఈ ముప్పు తప్పదు.

పోషణను విడిచి పెట్టడం ఎన్నికల రాజకీయంతో పుట్టిన జబ్బు కాదు. అంతకు మునుపే ఈ జిల్లా దానిని అనుభవించినది. కంపెనీ పాలనలో శిస్తు వసూలు మీద ఉన్న శ్రద్ధ చెరువుల మీద, కాలువల మీద లేకపోయినది. 1821లో ఏడు లక్షల ముప్ఫై ఎనిమిది వేలు ఉన్న గోదావరి జిల్లా జనాభా 1841 నాటికి అయిదు లక్షల అరవై ఒక్క వేలకు పడిపోయినది. నందన కరువులో చచ్చినవారు చావగా మిగిలినవారు వలసపోయినారు. 1844లో సర్ హెన్రీ మాంట్‌గొమరీ ఈ దుస్థితిని విచారించి నివేదిక వ్రాసిన తరువాతనే కాటన్ ఆనకట్ట ఆలోచనకు దారి ఏర్పడినది. అప్పుడు పైవారికి కావలసినది శిస్తు, ఇప్పుడు కావలసినది వోటు. రెండు కాలాలలోను కాలువ అడుగున పేరుకొనే బురద పైవారి లెక్కలోకి రాలేదు.

తరువాత స్థానిక పాలన వచ్చినది. దానిని కూడా పెద్దలు తమ చేతి బెత్తంగా చేసుకొన్నారు. 1921 నుండి మద్రాసు రాష్ట్రంలో మొదటి మంత్రిగా ఉన్న పానగల్లు రాజా స్థానిక స్వపరిపాలన శాఖను తన చేతిలోనే ఉంచుకొన్నారు. జిల్లా బోర్డులకు, తాలూకా బోర్డులకు ఎవరిని నామినేట్ చేయవలెనన్న అధికారం ఆనాటి రాజకీయానికి ఇరుసు అయినది. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడినప్పుడు ఈ ఇరుసు విరుగుతుందని ఆశపడినారు. 1993 ఏప్రిల్ 24న డెబ్బై మూడవ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చి, ఇరవై తొమ్మిది విషయాల జాబితాతో పంచాయతీలకు రాజ్యాంగపు అండ చేకూరినది. చిత్రమేమంటే అదే సంవత్సరం డిసెంబరు 23న, అదే పి.వి. నరసింహారావు ప్రభుత్వం పార్లమెంటు సభ్యుల స్థానిక అభివృద్ధి నిధి పథకాన్ని ప్రకటించినది. ఎనిమిది నెలల వ్యవధిలో ఒక చేత్తో ఊరి పనిని ఊరికి అప్పగించినారు, మరొక చేత్తో ఊరి పనిని మంజూరు చేసే కలాన్ని ఢిల్లీ సభ్యునికి ఇచ్చినారు. మొదట అయిదు లక్షలుగా ఉన్న ఆ నిధి 1994-95లో కోటి, 1998-99లో రెండు కోట్లు, 2011-12 నుండి సాలుకు అయిదు కోట్లు అయినది.

ఈ నిధి వెళ్లే తీరును ఫిలిప్ కీఫర్, స్తుతి ఖేమానీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించి 2009లో ప్రకటించినారు. వోటర్లు ఒక పార్టీకి గట్టిగా కట్టుబడి ఉన్న నియోజకవర్గాలలో సభ్యులు తమ నిధిని ఖర్చు పెట్టించడంలో తక్కువ శ్రద్ధ చూపుతున్నారని వారు తేల్చినారు. ఎవరి వోటు ఎటు పడుతుందో ముందే తెలిసిన ఊరు ఇద్దరికీ చేదు. మన వోటు మనకే గదా అని ఒకరు మరచిపోతారు, మనకు పడని వోటు గదా అని ఇంకొకరు విడిచిపెడతారు. అమెరికాలో ఇటువంటి ఖర్చును పోర్కు బ్యారెల్ అంటారు, ఉప్పులో ఊరవేసిన మాంసపు పీపా అని. ఆ మాటలో హేళన ఉన్నది. తెలుగులో దీనికి సాటి వచ్చే మాట ఇంకా పుట్టలేదు, వ్యవహారం మాత్రం బాగా పుష్టిగా ఉన్నది.

ఇక 2021 పంచాయతీ ఎన్నికల ముచ్చట. పోటీ లేకుండా సర్పంచిని ఏకగ్రీవంగా ఎన్నుకొన్న గ్రామానికి జనాభాను బట్టి అయిదు లక్షల నుండి ఇరవై లక్షల రూపాయల వరకు బహుమానం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించినది. గ్రామాలలో కక్షలు లేకుండా ఉండడానికి అన్నారు. కక్షలు లేకపోవడం మంచిదే. కాని పోటీ చేయదలచిన ఒక హరిజన యువకుడు, ఒక చేనేత కుటుంబపు స్త్రీ నామినేషను వేస్తే, నీ వల్ల ఊరికి పది లక్షలు పోయినవి అన్న మాట పడవలసి వస్తుంది. వోటు వేసే హక్కును వాడుకొన్న ఊరికి సిమెంటు రోడ్డు తగ్గుతుంది. వాడుకొనని ఊరికి పెరుగుతుంది. ఎన్నిక జరిగిన ఊరి వీధి కాలువలో దోమలు పుట్టవని ఏ వైద్యశాస్త్రం చెప్పినది?

అసలు ఆ ఎన్నికలే ఆలస్యంగా జరిగినవి. పాత పాలకవర్గాల గడువు 2018 ఆగస్టులో ముగిసినది. కొత్తవి వచ్చినది 2021 ఫిబ్రవరి ఎన్నికలతో. నడుమ రెండున్నరేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి కేంద్ర ఆర్థిక సంఘపు గ్రాంటు రాదు. యాగా వేణుగోపాల రెడ్డి అధ్యక్షతన ఏర్పడిన పదునాలుగవ ఆర్థిక సంఘం 2015-20 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థల గ్రాంటును పూర్తిగా గ్రామ పంచాయతీలకే కేటాయించినది. మంచినీరు, పారిశుద్ధ్యం, మురుగు పారుదల, వీధి దీపాలు, అంటే ఎవరి బొమ్మా అవసరం లేని పనుల నిమిత్తం. ఎన్నిక పెట్టడం రాజకీయంగా అనుకూలం కాదని ఒక ప్రభుత్వం తలచినందుకు, ఆ తరువాత కరోనా వచ్చినందుకు, ఈ పనుల డబ్బు ఆగిపోయినది. కొత్త సర్పంచులు వచ్చిన పిదప కూడా ఆ పద్దులోని సొమ్మును పంచాయతీల విద్యుత్తు బకాయిల కింద జమకట్టినారు. తమ ఖాతా ఖాళీ అయినదని తెలిసి అధికార పక్షపు సర్పంచులు కూడా వీధికెక్కినారు. బ్లీచింగు పొడి కొనడానికి డబ్బు లేని సర్పంచికి ఊరి ముందు ముఖం ఎక్కడున్నది?

దీని ఫలితం డెల్టాలో త్రాగునీటి వద్ద బాగా తెలుస్తుంది. ఇక్కడ చాలా ఊళ్లకు మంచినీరు కాలువ నుండే. ఏప్రిల్‌లో కాలువలు కట్టక మునుపు చెరువు నింపుకొని, జూన్‌లో మళ్లీ నీరు వదిలే దాకా దానితోనే గడపవలెను. చెరువు గట్టు పటిష్ఠంగా ఉండవలెను, అడుగు పూడిక తీయవలెను, వడపోత గదిలో ఇసుక మార్చవలెను. ఇవన్నీ చిన్న పనులు, సాలుసాలుకూ చేయవలసిన పనులు. ఇవి జరగని ఊరిలో గోదావరి పక్కనే కాపురముండి కూడా ఇరవై లీటర్ల టిన్ను నీళ్లు కొనుక్కొంటున్నారు. కొనగలిగినవారు కొంటారు. కొనలేనివారి ఇంటి పిల్లలే సర్కారు బడికి వస్తారు. వారి కడుపునొప్పులు హాజరు పట్టీలో కనిపిస్తవి. రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం మురుగు కాలువ వెంబడి సముద్రపు ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరి చెట్లు తల వాల్చినవి. కొబ్బరి చెట్టు ఒక్కసారిగా కూలదు. ఏళ్ల తరబడి కాయ తగ్గిస్తూ, మట్టలు రాలుస్తూ చెప్పుకొంటూనే ఉంటుంది. చెట్లు మోడులైన తరువాత మంత్రులు వచ్చి చూచినారు.

పేదవాడికి పింఛను ఇస్తే తప్పా, బడిపిల్లవాడికి సంచీ ఇస్తే తప్పా అని ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఎంతమాత్రం తప్పు కాదు. ముసలితనానికి పింఛను ఇవ్వడం వీధి దీపం వెలిగించడం వంటిదే, ప్రభుత్వపు విధి. అరవై ఏళ్లు నిండిన ప్రతి బీదవారికీ అని నియమం వ్రాసి, ఆ నియమం ప్రకారం ఇచ్చినంత కాలం అది హక్కు. ఎవరి సిఫారసు చీటీ మీదనో, ఏ జెండా పట్టుకొన్నారో చూచో ఇచ్చిన నాడు అదే సొమ్ము వల అవుతుంది. డబ్బు పేదలకు పోతున్నది గనుక కాలువలకు లేదు అనే వాదం కూడా చెల్లదు. జెండా రంగులకు, మారిన పేర్లకు, మూసి తెరచిన భవనాలకు దొరికిన డబ్బు పేదలది కాదు గదా. 2015 పుష్కరాలకు గోదావరి పొడవునా ఘట్టాలు కట్టి అలంకరించినారు. మొదటి రోజున, జూలై 14న, రాజమహేంద్రవరంలో ఒక్క ఘట్టం దగ్గర తొక్కిసలాటలో పాతికమందికి పైగా ప్రాణాలు కోల్పోయినారు. దీపాలకు లోటు లేదు; జనాన్ని విడదీసి నడిపించే ఏర్పాటు చాలలేదు.

ఏమి చేయవచ్చును? దారి కొత్తది కానక్కరలేదు. 1960లలో మిత్రా కమిటీ డెల్టా మురుగు సమస్యను శాస్త్రీయంగా పరిశీలించినది. 1968లో కృష్ణా గోదావరి డెల్టాలలో మురుగు కాలువల కొరకే ప్రత్యేకంగా ఒక సెస్సు చట్టం చేసినారు. ఆ చట్టం వెనుక ఒక సద్భావం ఉన్నది: మురుగు పనికి దాని డబ్బు దానికే ఉండవలెను. 1997లో నీటి వినియోగదారుల సంఘాల చట్టం వచ్చి, రాష్ట్రంలో పదివేలకు పైగా సంఘాలకు ఎన్నికలు జరిగినవి. రైతులే తమ కాలువ నడిచి చూచుకొని, పూడిక కొలుచుకొని, పని చేయించుకొన్న కొన్ని సంవత్సరాలు ఇప్పటికీ పెద్దలకు జ్ఞాపకమే. ఆ తరువాత గడువులు ముగిసినా ఎన్నికలు లేక సంఘాలు చాలాకాలం నామమాత్రమైనవి. 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగినవి. ఈ సంఘాలకు అధ్యక్షులు వచ్చినారు. కావలసినది వారి చేతికి నియమం ప్రకారం, కాలువ పొడవును బట్టి, ఏ శాసనసభ్యుని లేఖతో పని లేకుండా ఏటేటా అందే సొమ్ము. అది ఎంతో ఆ ఊరి సచివాలయం గోడ మీద వ్రాసి ఉంచితే ఆ గోడకు ఏ రంగు ఉన్నా పెద్ద చింత లేదు.

ఈ లెక్కలో ఉపాధ్యాయులకు, విద్యార్థులకు కూడా ఒక పాలు ఉన్నది. తొమ్మిదవ తరగతి పిల్లవాడు ఘనపరిమాణం సూత్రాన్ని నల్లబల్ల మీద నేర్చుకొంటాడు. బడి వెనుక మురుగు కాలువ పొడవు, వెడల్పు, పూడిక మందం కొలిచి, ఎన్ని ఘనపు మీటర్ల మట్టి తీయవలెనో అతడు కట్టగలడు. అదే లెక్కను గ్రామసభలో చదివి, ఈ పద్దుకు ఈ ఏడు ఎంత వచ్చినది, ఎంత ఖర్చైనది అని ఊరివారు అడగవచ్చును. గ్రామసభ చట్టం ఇచ్చిన సభ. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది. అడిగినవాడు ఏ పక్షం అని ఎదురుప్రశ్న వస్తుంది. పదునాలుగేళ్ల పిల్లవాడికి ఇంకా వోటు లేదు గనుక ఆ ప్రశ్న అతని దగ్గర నిలవదు.

అయితే ఆ అడగడానికి కూడా అదను ఉన్నది. దాళ్వా కోతలు ముగిసి కాలువలు కట్టిన నాటి నుండి సార్వాకు నీరు వదిలే నాటి వరకు ఉన్న గడువు సుమారు ఎనిమిది వారాలు. టెండరు పిలవడం, పాత బిల్లులు రాలేదని గుత్తేదారు ముందుకు రాకపోవడం, మళ్లీ పిలవడం, మంజూరు లేఖ కోసం ఎదురుచూడడం, యంత్రం దింపడం, తీసిన బురద గట్టు మీద వేయడం అన్నీ ఆ ఎనిమిది వారాలలోనే జరగవలెను. కాగితం పని సంక్రాంతికే పూర్తి చేసిన ఊరిలో ఏప్రిల్‌లో పార కాలువలోకి దిగుతుంది. మిగిలిన ఊళ్లలో మంజూరు లేఖ చేతికి వచ్చే వేళకు లస్కరు లాకు తలుపు ఎత్తుతూ ఉంటాడు.